బండికి వాన నీళ్లు

నాయన రాసిన బండి లెక్కల పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. పొడుగాటి నోటుబుక్కు. అట్ట మీద ఇంజన్ ఆయిల్ మరక ఎండి గట్టిపడింది. లోపల అక్షరాలు కన్నడం, మాటలు తెలుగు. మా ఊరు అరసికెరెలో ఇదేమీ వింత కాదు. మా పావగడ తాలూకా మ్యాపులో కర్ణాటకది, మూడు పక్కలా ఆంధ్ర. బడిలో కన్నడం, ఇంట్లో, సంతలో, తిట్టుకోవడంలో తెలుగు. నాయన నాలుగో తరగతి దాకానో ఐదో తరగతి దాకానో చదివాడు. వచ్చిన అక్షరాలతో వచ్చిన మాటలు రాసుకున్నాడు. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది హిందూపురం అంగళ్ల నుంచి వచ్చే పొట్లాల కాగితాల్లో, ఆంధ్రా లారీల వెనక రాతల్లో.

ఒక పేజీలో ఇలా ఉంటుంది: "ఆయిలు మార్చినా. ఫిల్టరు కొత్తది." దాని కింద: "ముందర ఎడమ చక్రం కూత పెడతా ఉంది. బేరింగు చూపించల్ల." ఇంకో పేజీలో ఒకే మాట: "ఈ వారం నీళ్లు తాగలేదు." అది చదివినప్పుడల్లా ఆయన గొంతు వినబడుతుంది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గలేదని ఆయన సంతోషం అది. మా పరీక్షల మార్కులకు కూడా అంత తేటగా సంతోషపడినట్టు నాకు గుర్తు లేదు.

బండి టాటా 207. మా ఇంటికి 2003లో వచ్చిందో, 2004లో వచ్చిందో ఇప్పుడు తేల్చుకోలేను. చెల్లెలి చెవులు కుట్టించిన తర్వాతే అని అమ్మ అంటుంది, ముందే అని నాయన అంటాడు. టాటా ఏస్ ఇంకా రాలేదన్నది మాత్రం ఖాయం, అది 2005లో వచ్చింది. హిందూపురంలో ఒక బ్రోకరు ద్వారా కొన్నాడు. అప్పటికే ఇద్దరు ఓనర్ల చేతులు మారిన బండి. తెల్ల రంగు పసుపు తిరిగి, తలుపుల అంచున తుప్పు పట్టి ఉంది. మొదటిరోజు నేను లోపల కూర్చున్నప్పుడు వచ్చిన వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది: డీజిల్, రెక్సిన్ సీటు, దానితోపాటు చింతపండు. పాత ఓనరు చింతపండు తోలేవాడట. వెనక బాడీ సందుల్లో గింజలు ఏళ్ల తరబడి దొరుకుతూనే ఉన్నాయి.

కిలోమీటర్ల మీటరు అప్పటికే ఆగిపోయింది. ఆయిల్ మార్చాల్సిన వేళ ఎట్లా తెలుస్తుంది? నాయన డీజిల్ లెక్క పెట్టుకున్నాడు. లీటరుకు పదకొండో పన్నెండో కిలోమీటర్లు ఇస్తుందని చూసుకుని, నాలుగు వందల లీటర్లు పోసేసరికి ఆయిల్ మార్చాలని గీత గీసుకున్నాడు. బంకులో పోయించిన ప్రతిసారీ చిన్న గీత, మొత్తం నాలుగు వందలు దాటితే అడ్డగీత. అంటే ఐదు వేల కిలోమీటర్ల లోపే అన్నమాట. దుమ్ము దారుల్లో, బరువుతో తిరిగే ముసలి ఇంజనుకు అదే సరి అని మేస్త్రి చెప్పాడు. కొత్త మీటరు వేయించుకోవచ్చు కదా అని నాయనను అడిగితే, "మీటరు బండి నడిచిందే చెప్తాది. డీజిలు బండి పడిన కష్టం చెప్తాది" అన్నాడు. నిజమే. ఎక్కుడు దారిలో నిండు బరువుతో పోయిన రోజు డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్ కూడా ఆ రోజే ఎక్కువ చెడుతుంది. ఇది నాకు ఇరవై ఏళ్ల తర్వాత, సొంతంగా కారు కొనుక్కున్నాక అర్థమైంది.

దించిన పాత ఆయిల్ పారబోయడం మా ఇంట్లో లేదు. నల్లగా, వెచ్చగా, పాత పెయింటు డబ్బాలోకి కారేది. పశువుల కొట్టం దూలాలకు చెదలు పట్టకుండా నాయన పాత బనియన్ ముక్కతో పూసేవాడు. పక్కింటి వాళ్లు కూడా చెంబు పట్టుకుని వచ్చేవాళ్లు. ఆ కొట్టం ఇప్పటికీ నిలబడే ఉంది. లోపలికి పోతే ఎండాకాలం మధ్యాహ్నం చిన్నగా ఇంజన్ వాసన వస్తుంది.

పొద్దున బండి తీసే పద్ధతి ఒకటి ఉండేది. నాయన ఎప్పుడూ ఇంటి ముందు దిగుడులోనే, కిందికి మొగం పెట్టి నిలిపేవాడు. చలికాలం బ్యాటరీ చతికిలబడితే దొర్లించి గేరులో వేసి స్టార్ట్ చేయొచ్చని. వెనక చక్రానికి రాయి నా బాధ్యత. రాయి తీయడానికి ముందు ఆయన బానెట్ ఎత్తేవాడు. ఆయిల్ కడ్డీ లాగి గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి, వెలుతురుకు పట్టుకుని చూసేవాడు. రెండు గీతల మధ్య ఉండాలి. ఆ చుక్కను బొటనవేలు, చూపుడువేలు మధ్య రుద్ది చూసేవాడు, జిగురుందా, ఇసుక తగులుతుందా అని. తర్వాత ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కడం. డీజిల్ ఫిల్టరు అడుగున నట్టు కొంచెం వదులు చేసి, పేరుకున్న నీళ్లు కారిపోనివ్వడం. బ్యాటరీ కొసల మీద తెల్లగా పూసే పొడిని వేడినీళ్లతో కడిగి గ్రీజు రాయడం. చివరికి ఇనప కడ్డీతో టైర్లు కొట్టి శబ్దం వినడం. గాలి తగ్గిన టైరు మొద్దుగా పలుకుతుంది. ఇదంతా ఆయన ముగించేలోపు అమ్మ రాగిసంకటి కలిపి పెట్టేది. ఆలస్యమైతే అరిచేది, "ఆ బండికి నలుగు కూడా పెట్టి నీళ్లు పోయకూడదా?"

శనివారం గ్రీజు. పావగడలో శనివారమంటే శని మహాత్మ గుడికి జనం, శ్రావణంలోనైతే ఇంకా ఎక్కువ, ఇటు కర్ణాటక నుంచీ అటు ఆంధ్ర నుంచీ. ఆ రోజు ఊరి వీధుల్లో బరువు బండి తిప్పడం కష్టమని నాయన పని పెట్టుకునేవాడు కాదు. వెనక కమాన్ కట్టల పిన్నులకు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులకు గ్రీజు గన్ను పెట్టి కొట్టేవాడు. పాత గ్రీజు మట్టి రంగులో పక్కనుంచి బయటికి వచ్చి, దాని వెనక కొత్తది పచ్చగా కనబడే దాకా కొట్టాలి. "పాతది బయటికి రానిదే కొత్తది లోపలికి పోలేదని అర్థం" అని నన్ను బండి కింద పడుకోబెట్టి చూపించేవాడు. కాలేజీకి పోయే వయసులో నాకు ఆ పని మీద మంట. చొక్కా మీద గ్రీజు మరక పడితే పోదు, కిరసనాయిలుతో రుద్దితే వాసన పోదు. పావగడ బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోకపోతే అది ఆ వాసన వల్లేనని నమ్మేవాణ్ని.

ఇక నీళ్లు. ఈ కథలో నన్ను ఇప్పటికీ వదలనిది ఆ నీళ్లే.

మా బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది. రాతి పొరల్లో నిలిచిన నీళ్లలో కరిగి ఉన్న సున్నం, మెగ్నీషియం వేడికి విడిపోయి గట్టిపడుతుంది. గిన్నెలో కట్టేదే రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది. ఆ గొట్టాలు సన్నటివి. పొర పేరుకున్న కొద్దీ నీళ్లు తిరగవు, ఇంజన్ వేడెక్కుతుంది, ఇంకా మొండిగా తోలితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. బండి కొన్న మొదటి ఎండాకాలంలోనే మడకశిర దారిలో ఆవిరి కక్కింది. హిందూపురంలో రేడియేటర్లు బాగుచేసే అంగడికి తీసుకుపోయారు. నేనూ వెంట ఉన్నాను. పై ట్యాంకు టాంకా కరిగించి ఊడదీశారు. లోపల వరసగా గొట్టాల నోళ్లు, సగానికి సగం సున్నంతో మూసుకుని ఉన్నాయి. పనివాడు సన్నటి రేకు బద్ద ఒక్కో గొట్టంలోకి దించి గీకుతుంటే తెల్లటి పొడి రాలింది. యాసిడ్ పొగకు కళ్లు మండాయి. మేస్త్రి ఆ పొడిని అరచేతిలో పోసుకుని నాయనకు చూపించాడు. "ఏమప్పా, ఇది మీ ఊరి నీళ్లే. బండికి వాన నీళ్లు పొయ్యి. లేదంటే ఏడాదికొకసారి నా దగ్గరికి వస్తా ఉండాల్సిందే."

నాయన ఆ మాట వేదంలా పట్టుకున్నాడు. ఇంటి ముందు వసారా రేకుల కింద దోనె కట్టి, ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టాడు. మొదటి వాన పోనివ్వాలి, రేకుల మీది దుమ్ము, పిట్టల రెట్ట కొట్టుకుపోవాలి. రెండో వాన నుంచి పట్టాలి. నోటికి గుడ్డ కట్టి, పైన మూత పెట్టి, మూత మీద రాయి. మా వైపు వానలే తక్కువ, ఆ ఒక్క డ్రమ్ము ఏడాదంతా రావాలి. ఎవరూ ముట్టకూడదు. ఒకసారి చెల్లెలు బొమ్మలకు నీళ్లు పోయడానికి చెంబు ముంచితే, ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి వీపు మీద ఒకటి వేశాడు.

మేము తాగింది బోరు నీళ్లు. మా తాలూకా నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని మాకు తెలియక కాదు, వినీ వినీ చెవికెక్కని సంగతి అది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించకూడదని ప్రమాణం. బోర్లు లోతుకు పోయే కొద్దీ, నీళ్లు గ్రానైట్ రాతిలో ఎక్కువ కాలం నానిన కొద్దీ అది పెరుగుతుంది. దానికి రంగు లేదు, రుచి లేదు, కాస్తే పోదు. గిన్నె అడుగున కనబడే సున్నం వేరు, ఇది వేరు. నా ముందు పళ్ల మీద గోధుమ రంగు గీతలున్నాయి. నా తరగతిలో సగం మందికి ఉండేవి. అందరికీ ఉంటే అది రోగమని అనిపించదు. మా జేజి నడుము వంగిపోయి, మెడ తిప్పాలంటే మొత్తం మనిషే తిరిగేది. వయసు అనుకున్నాం. ఆమెకు అప్పటికి ఎంత వయసో ఇప్పుడు లెక్క వేస్తే, నాయన ఇప్పటి వయసు కంటే తక్కువే.

తుమకూరులో డిగ్రీలో చేరాక, గుర్తింపు కార్డు ఫోటో తీసేవాడు నవ్వమన్నాడు. నేను నోరు తెరవలేదు. అప్పుడు తీసుకున్న ఫోటోలన్నిట్లోనూ పెదాలు బిగించే ఉన్నాను. ఆ సెలవులకు ఇంటికొచ్చి, ఏదో చిన్న మాటకు మొదలై, నాయన మీద అరిచాను. "బండికి వాన నీళ్లు, మాకు బోరు నీళ్లా? మా పళ్లు చూడు ఒకసారి!" అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. నాయన చేతిలో ఏముందో గుర్తు లేదు, పానా అనుకుంటాను. ఆయన నా నోటి వైపు చూశాడు. అంతకుముందు ఎప్పుడూ చూడనట్టు చూశాడు. ఏమీ అనలేదు. నేను సమాధానం కోసం చూసి చూసి బయటికి పోయాను. మరుసటి ఏడు వానలకు ముందే ఇంటి పెరటి వైపు కూడా దోనె కట్టి, రెండో డ్రమ్ము పెట్టాడు. అది ఇంటికి. అమ్మ ఆ నీళ్లతో కందిపప్పు ఉడికిస్తే తొందరగా మెత్తబడిందని వీధి వీధంతా చెప్పింది.

కొన్నేళ్లకు ఊళ్లలో ఫిల్టర్ నీళ్ల యంత్రాలు వచ్చాయి. నాణెం వేస్తే క్యాను నిండేది. మా వీధి క్యాన్లన్నీ కొన్నాళ్లు మా బండిలోనే వచ్చాయి.

2005 ఫిబ్రవరి సంగతి వేరే రకంగా గుర్తుంది. మా తాలూకాలోనే వెంకటమ్మనహళ్లిలో రిజర్వు పోలీసుల శిబిరం మీద రాత్రి నక్సలైట్లు దాడి చేశారు, పోలీసులు చనిపోయారు. పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు, మమ్మల్ని చూస్తే ఆపేసేవాళ్లు. నాకు అర్థమైందల్లా, నాయన హిందూపురం నుంచి రాత్రి పూట రావడం మానేశాడని. తప్పనిసరై రావాల్సి వస్తే మాత్రం లైట్లు చూసుకునేవాడు. అప్పటిదాకా ఒక హెడ్‌లైట్ పోతే వారం పదిరోజులు ఒంటికన్నుతో తిరిగిన బండి, ఆ తర్వాత ఎప్పుడూ అలా తిరగలేదు. చీకట్లో ఒకే లైటుతో వచ్చే బండిని ఎవరైనా ఆపుతారు, ఎవరాపుతారో తెలీదు. డ్యాష్‌బోర్డు అరలో ఒక పొగాకు డబ్బాలో దూదిలో చుట్టి రెండు బల్బులు, నాలుగు ఫ్యూజులు పెట్టుకున్నాడు. బండి అమ్మేరోజు వరకూ ఆ డబ్బా అక్కడే ఉంది. ఆ భయం గురించి పుస్తకంలో ఒక్క అక్షరం లేదు. "బల్బులు తెచ్చినా" అని మాత్రం ఉంది.

తర్వాతి పేజీల్లో బరువులు మారతాయి. మొదట శెనక్కాయలు, చింతపండు, ఎరువుల మూటలు. శెనక్కాయ పంట చేతికొచ్చే నెలల్లో గీతలు దగ్గర దగ్గరగా, అడ్డగీతలు గబగబా వస్తాయి. వాన ఎగ్గొట్టిన ఏడు పేజీ సగం ఖాళీ. 2016 తర్వాత "తిరుమణి" అన్న మాట మొదలవుతుంది. తిరుమణి, వళ్లూరు, బలసముద్రం చుట్టూ సుమారు పదమూడు వేల ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది, మొత్తం 2,050 మెగావాట్లు. భూములు కొనలేదు, కౌలుకు తీసుకున్నారు, మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. మా అత్త వాళ్ల చేను కూడా పోయింది. పోయిందని నేనంటే ఆమె ఒప్పుకోదు. "పోలేదురా, ఉంది. అద్దాల కింద ఉంది" అంటుంది. ఏటా డబ్బు వస్తుంది, ఎండిన పైరును చూసి ఏడ్చే పని లేదు. కూలికి పోయేవాళ్లకు మాత్రం చేనూ లేదు, కౌలూ లేదు.

పార్కు కట్టిన ఆ రెండు మూడేళ్లు నాయనకు చేతినిండా పని. సిమెంటు, ఇనుము, వైర్ల చుట్టలు, కూలీలకు వంట సామాన్లు. బండికి మాత్రం అవి కష్టకాలం. టిప్పర్లు తిరిగి తిరిగి దారులన్నీ పిండి అయ్యాయి. ఎయిర్ ఫిల్టర్ ప్రతి సాయంత్రం విప్పి, టైరుకు కొట్టి దులిపి, మరునాడు పంక్చర్ అంగట్లో గాలి పట్టించేవాడు. గాలి లోపలి నుంచి బయటికి కొట్టాలి, బయటి నుంచి కొడితే దుమ్ము కాగితంలోకి ఇంకా దిగబడుతుంది. అది దులపకపోతే బండి నల్లపొగ వదులుతుంది, డీజిల్ తాగుతుంది. దుమ్ము ఫిల్టర్ దాటి లోపలికి పోతే సిలిండర్ గోడలనే గీకేస్తుంది. అదే దుమ్ము ఆ అద్దాల మీద కూడా పడుతుంది, పడితే కరెంటు తగ్గుతుంది. కడగడానికి కూడా సున్నం లేని నీళ్లే కావాలి, లేకపోతే ఆరాక తెల్ల మచ్చలు మిగులుతాయి. ఈ సంగతి నేను చదివి చెబితే నాయన ఆశ్చర్యపోలేదు. "మరి? దానికీ రేడియేటర్ మాదిరే కదా" అన్నాడు.

ఎఫ్‌సి, అంటే బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఏడాదికొకసారి పెళ్లి హడావిడి. తుప్పు గీకి, రంగు కొట్టి, రేడియం స్టిక్కర్లు అతికించి, బ్రేక్ లైనర్లు మార్చి, ఏడాదంతా పలకని వైపర్‌ను పలికించి తీసుకుపోయేవాడు. పదిహేనేళ్లు దాటిన బండ్లకు 2022 ఏప్రిల్ నుంచి ఎఫ్‌సి ఫీజులు బాగా పెరిగాయి. అప్పటికి నాయనకు బండి కింద దూరి లేవడం చేత కావడం లేదు. మోకాళ్లు వంగవు, నడుము పట్టేస్తుంది. ఒక రోజు ఫోన్ చేసి, "మడకశిర వైపు ఇటుకల బట్టీ ఆయప్ప అడుగుతున్నాడు, ఇచ్చేద్దామా?" అన్నాడు. అడిగేసరికే ఇచ్చేయాలని అనుకున్నాడని గొంతులో తెలిసింది.

నేను వెళ్లేసరికి బేరం అయిపోయింది. కొనేవాళ్లు ఇంజన్ స్టార్ట్ చేసి, ఆయిల్ పోసే మూత తీసి పొగ చూశారు. పెద్దగా లేదు. వాళ్ల మేస్త్రి రేడియేటర్ మూత తీసి వేలు పెట్టి లోపల అంచు తడిమాడు. చేతికి తెలుపు అంటలేదు. ఆయన నాయన వైపు తిరిగి, "ఈ నీళ్లు యాడివి సామీ?" అని అడిగాడు. నాయన వసారా కింది డ్రమ్ము చూపించాడు. ధర ఇంకో ఐదు వేలు పెంచి అడగాల్సింది అని అమ్మ ఇప్పటికీ అంటుంది. బండి పోతున్నప్పుడు నాయన ఏడ్చాడని చెల్లెలు అంటుంది. నేను అక్కడే ఉన్నాను, నాకు అట్లా గుర్తు లేదు. స్పేర్ టైరు గాలి గురించి డ్రైవర్‌కు చెబుతూ వీధి మొన దాకా పక్కనే నడిచాడన్నదే గుర్తుంది.

2025లో తుంగభద్ర డ్యామ్ వెనుక జలాలు పైపుల్లో పావగడకు వచ్చాయి. చెల్లెలు పావగడలోనే ఉంటుంది. మొన్న నాయనను చూపించడానికి ఆస్పత్రికి తీసుకుపోయి, మధ్యాహ్నం వాళ్లింట్లో భోంచేశాం. అన్నం తిన్న తర్వాత ఆయన లేచి వంటింట్లోకి పోయి, కొళాయి నీళ్లు స్టీలు గిన్నెలో పట్టి పొయ్యి మీద పెట్టాడు. ఏం చేస్తున్నాడో చెల్లెలికి అర్థం కాలేదు, నాకు అర్థమైంది. నీళ్లన్నీ ఇగిరిపోయే దాకా నిలబడి, గిన్నె చల్లారనిచ్చి, అడుగున వేలితో రుద్ది వెలుతురుకు పట్టుకుని చూశాడు. కొంచెం ఉంది, మా బోరుదంత లేదు. ఫ్లోరైడ్ ఇట్లా కనబడదు నాయనా, ల్యాబులో చూపించాలి అన్నాను. తెలుసు అన్నట్టు తలూపాడు. "అది కూడా చూపించు. ఎంతవుతాదో కనుక్కో" అని చెల్లెలి కొడుకును దగ్గరికి పిలిచి, పళ్లు చూపించమన్నాడు.